సరే అనే ముందు జాబితా చదవండి

అప్‌డేట్ విషయంలో లినక్స్ సిస్టమ్ సాధారణంగా ఏదీ దాచదు. కొత్తగా ఏం దించబోతోంది, ఏం తీసేయబోతోంది, ఎన్ని ఎంబీలు లాగుతుంది, డిస్కులో ఎంత చోటు తింటుంది, అన్నీ వరసగా రాసి ‘కొనసాగించమంటారా?’ అని అడుగుతుంది. చదవనిది మనమే. ఎంటర్ నొక్కేసి టీ తాగడానికి వెళ్తాం. తిరిగొచ్చేసరికి హాట్‌స్పాట్‌లో ఆ రోజు డేటా ఖాళీ. మెనూలో ఎప్పుడూ చూడని పేర్లు. “ఇవన్నీ నేనెప్పుడు అడిగాను?” అని విసుక్కుంటాం. మనం అడగని మాట నిజమే కానీ, అది అడిగింది, మనం సరే అన్నాం.

విశాఖలో ఫైబర్ ఉన్న ఇంట్లో ఈ అలవాటుకు పెద్దగా ఖర్చు లేదు. అనంతగిరి ఘాట్ ఎక్కాక లెక్క మారుతుంది. 2023 జూన్‌లో రాష్ట్రంలోని మారుమూల ప్రాంతాల్లో ఒకేసారి వంద 4జీ టవర్లు ప్రారంభించారు, వాటిలో ఎక్కువ భాగం అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే. టవర్ వచ్చింది కదా అని డేటా ఉచితం కాలేదు, కరెంటు నిలకడగానూ మారలేదు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద ఫోన్‌తో పాటు కంప్యూటర్ కూడా బతకాలి. వర్షాకాలంలో అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతే ఆ సాయంత్రమంతా దాన్ని సరిచేసుకోవడానికే సరిపోతుంది.

పైగా ఇక్కడ లినక్స్ ఎక్కేది సాధారణంగా పాత సిస్టమ్‌ల మీదే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 అడిగే హంగులు చాలా పాత సిస్టమ్‌లకు లేవు. పాడేరులో నెట్ సెంటర్ అయినా, అరకులో హోమ్‌స్టే బిల్లులు కొట్టే డెస్క్‌టాప్ అయినా, కాఫీ రైతు సంఘం లెక్కలు రాసుకునే ల్యాప్‌టాప్ అయినా, 4 జీబీ ర్యామ్, 128 జీబీ డిస్కు ఉన్నదాన్ని పారేయకుండా లినక్స్ మింట్ వేసుకోవడం తెలివైన పనే. అయితే ఆ తెలివి అప్‌డేట్ జాబితా దగ్గర కూడా ఉండాలి. చిన్న డిస్కులో అక్కర్లేని సరుకు చేరేది ఒక్కసారిగా కాదు, ప్రతి అప్‌డేట్‌తో కొంచెం కొంచెంగా.

అడగనివి ఎందుకొస్తాయో ముందు తెలియాలి. లినక్స్‌లో ఏ ప్రోగ్రామూ ఒంటరిగా రాదు, తనకు కావలసిన వాటి పేర్లు చీటీ రాసుకుని వస్తుంది. ఆ చీటీలో అన్నీ ఒక స్థాయివి కావు. మన కాఫీ తోటనే చూడండి. సిల్వర్ ఓక్ నీడ లేకపోతే మొక్క ఎండకు మాడిపోతుంది. ఆ సిల్వర్ ఓక్ మాను మీదికే మిరియాల తీగను పాకిస్తారు. కాఫీ మొక్కకు మిరియాలతో పని లేదు, ఉంటే రైతుకు నాలుగు రాళ్లు వస్తాయి. డెబియన్ కుటుంబంలో, అంటే డెబియన్, ఉబుంటూ, మింట్‌లలో, నీడ లాంటివాటిని ‘డిపెండ్స్’ అంటారు, తీగ లాంటివాటిని ‘రికమెండ్స్’ అంటారు. ‘సజెస్ట్స్’ అని మూడోది ఒకటుంది, అది పేరు చెప్పి ఊరుకుంటుంది, తనంతట తాను దిగదు.

మనల్ని విసిగించేవాటిలో చాలావరకు ఆ మధ్య రకానివే. 2009లో వచ్చిన డెబియన్ ‘లెన్నీ’ నుంచి రికమెండ్స్ కూడా వాటంతటవే దిగడం రివాజైంది. ఆ నిర్ణయం తప్పని నేను అనను. కొత్తగా వచ్చినవాడికి ఏదీ లోటు లేకుండా పనిచేయాలంటే అదే మంచిది. కాకపోతే నిర్ణయం తీసుకున్నవాళ్ల దగ్గర ఆగని నెట్ ఉంది, పెద్ద డిస్కు ఉంది. మీ దగ్గర లేదు.

(ఆదేశాలను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.)

ఈ కుటుంబంలో ప్రోగ్రాంలను దించే, తీసే పనిముట్టు పేరు ఆప్ట్. కొత్త ప్రోగ్రాం వేసేటప్పుడు ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ తర్వాత రెండు అడ్డగీతలు పెట్టి ‘నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్’ అని చేరిస్తే తీగలు రావు, నీడ మాత్రమే వస్తుంది. దింపే ముందు ఆ స్విచ్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి, రెండు జాబితాలు చూడండి. ఆదేశానికి ‘-ఎస్’ కలిపితే ఏదీ దిగదు, ఏం జరగబోతుందో చెప్పి ఊరుకుంటుంది. రెండు జాబితాల తేడా కొన్నిసార్లు రెండు ప్యాకేజీలు ఉంటుంది, కొన్నిసార్లు ఇరవై. ఎంత తేడా ఉందో చూశాక మీరే తేల్చుకోవచ్చు.

ఈ స్విచ్‌ను శాశ్వతంగా పెట్టేసుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను ఇవ్వను. ప్రింటింగ్ వ్యవస్థ కప్స్‌నే తీసుకోండి. దాని రికమెండ్స్‌లో ఐపీపీ-యూఎస్‌బీ, అవాహి అనేవి ఉంటాయి. పేర్లు చూస్తే ఎందుకూ పనికిరానివిగా అనిపిస్తాయి. మొదటిది లేకపోతే యూఎస్‌బీ తీగతో పెట్టిన కొత్త రకం ప్రింటర్లు డ్రైవర్ లేకుండా పనిచేయవు. రెండోది లేకపోతే వైఫై ప్రింటర్ దానంతటది కనిపించదు. స్కాలర్‌షిప్ ఫారాలు ప్రింట్ తీసుకోవడానికి పిల్లలు వరసలో నిలబడ్డ రోజున ఈ సంగతి తెలిసి లాభం లేదు. అందుకే స్విచ్ వాడేది ఒక్కో ప్రోగ్రాంకు విడిగా, జాబితా చూశాక.

ఇది కొత్తవాటి సంగతి. ఉన్నవాటిని అప్‌డేట్ చేసేటప్పుడు మూడు ఆదేశాలు ఒకేలా కనబడి మూడు రకాలుగా నడుస్తాయి. ‘ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్’ కొత్త ప్యాకేజీ ఒక్కటీ చేర్చదు, ఒక్కటీ తీయదు. కొత్తది కావలసిన వాటిని ‘కెప్ట్ బ్యాక్’ అని పక్కన పెడుతుంది. ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ కొత్తవి చేరుస్తుంది కానీ ఉన్నవి తీయదు. ‘ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్’ రెండూ చేస్తుంది. నెలలో ఎక్కువ రోజులు మొదటిదే చాలు. పక్కన పెట్టినవాటి పేర్లు కాగితం మీద రాసుకుని, తీరిక ఉన్న రోజు, డేటా ఉన్న రోజు రెండోదాన్ని నడపండి. సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్ కొత్తది ఆ రెండోదాని వెంటే వస్తుంది, దాన్ని వారాల తరబడి నానబెట్టకూడదు. మూడోదాన్ని జాబితా మొత్తం చదవకుండా ఎప్పుడూ నడపొద్దు. 2025లో వచ్చిన ఆప్ట్ 3.0 తీసేసేవాటిని ఎర్రగా, చేర్చేవాటిని పచ్చగా చూపిస్తోంది. ఎరుపు కనిపిస్తే చేయి వెనక్కి తీసుకోండి.

అలాంటి హెచ్చరికను ఖాతరు చేయకపోతే ఏమవుతుందో లోకమంతా చూసిన సంఘటన ఒకటుంది. 2021 నవంబరులో కెనడా యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ తన ‘లైనస్ టెక్ టిప్స్’ చానెల్ కోసం పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో గేములు దించుకునే స్టీమ్ వేయబోయాడు. ప్యాకేజీల వెర్షన్లు ఒకదానికొకటి పొసగక, స్టీమ్ రావాలంటే డెస్క్‌టాప్‌నే తీసేయాలని ఆప్ట్ లెక్క తేల్చింది. ఆ మాట తెరమీద రాసింది కూడా. సిస్టమ్‌కు హాని జరగొచ్చని హెచ్చరించి, చెప్పినట్టే చేయమని పూర్తి వాక్యం ఒకటి టైప్ చేస్తే తప్ప కదలనంది. ఆయన ఆ వాక్యం టైప్ చేశాడు. డెస్క్‌టాప్ పోయింది. రోజూ కంప్యూటర్ల మధ్యే బతికే మనిషికే ఇలా జరిగింది. చదవకుండా సరే అనడం తెలియనివాళ్ల జబ్బు మాత్రమే కాదు. ఆ తర్వాత ఆప్ట్ తయారుచేసేవాళ్లు ఆ దారినే మూసేశారు.

ఏదో తెలియని పేరు జాబితాలో కనిపించింది. అది ఎవరి కోసం వచ్చింది? ‘ఆప్టిట్యూడ్’ అనే చిన్న ప్రోగ్రాం దించుకుంటే, అందులో ‘వై’ అనే ఆదేశం పక్కన ఆ పేరు రాస్తే, ఏది దేన్ని తెచ్చిందో గొలుసంతా చూపిస్తుంది. ఆ గొలుసు మొదట్లో మీరు రోజూ వాడే ప్రోగ్రాం ఉంటే దాని జోలికి పోకండి. ఎప్పుడో ఒకసారి చూద్దామని వేసి మర్చిపోయిన గేమ్ ఉంటే ఆ గేమ్‌నే తీసేయండి, వెంట వచ్చినవి ‘ఆప్ట్ ఆటోరిమూవ్’తో పోతాయి. కొమ్మలు కాదు, మొదలు నరకాలి.

అయితే ఈ ఆటోరిమూవ్ దగ్గరే తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన గుంట ఉంది. ఉబుంటూలో ‘ఫాంట్స్-ఇండిక్’ అని ఒక ప్యాకేజీ ఉంటుంది. దాని లోపల సరుకేమీ ఉండదు, బెంగాలీ, దేవనాగరి, గుజరాతీ, గురుముఖి, కన్నడ, మలయాళం, ఒడియా, తమిళం, తెలుగు ఫాంట్ల ప్యాకేజీలన్నిటినీ రప్పించడమే దాని పని. చోటు కోసం వెతుక్కునేవాళ్ల కన్ను మొదట పడేది వీటి మీదే. ‘నాకు గుజరాతీ ఎందుకు?’ అనుకుని ‘ఫాంట్స్-గుజ్ర్’ను తీసేశారనుకోండి. దాని మీద ఆధారపడిన ఫాంట్స్-ఇండిక్ కూడా పోతుంది. అది సరుకు లేని ప్యాకేజీయే కాబట్టి వెంటనే ఏమీ తెలియదు. కానీ ఇంతకాలం తెలుగు ఫాంట్ల ప్యాకేజీని ‘అవసరం’ అంటూ పట్టుకుని ఉన్నది అదే. అది పోయింది కాబట్టి వచ్చేసారి ఆటోరిమూవ్ నడిపితే ‘ఫాంట్స్-తెలు’ కూడా అక్కర్లేని జాబితాలోకి రావచ్చు. మీరు చదవకుండా సరే అంటే లోహిత్ తెలుగు లాంటివి దానితోపాటే వెళ్లిపోతాయి. వేరే తెలుగు ఫాంట్ ఉంటే పాత పత్రాల్లో అక్షరాల రూపు మారుతుంది. లేకపోతే అక్షరాల చోట ఖాళీ గళ్లే మిగులుతాయి.

విరుగుడు తేలిక. ‘ఆప్ట్-మార్క్ మాన్యువల్ ఫాంట్స్-తెలు’ అని ఒకసారి కొడితే, అది మీరు కోరి తెచ్చుకున్నదని సిస్టమ్ గుర్తుపెట్టుకుంటుంది, ఆటోరిమూవ్ దాన్ని ముట్టదు. మీ పనికి తప్పనిసరి అనుకున్న ప్రతిదానికీ, తెలుగు టైపింగ్ కోసం వాడే ఐబస్-ఎం17ఎన్‌తో సహా, ఇలా ముద్ర వేసి పెట్టుకోండి. ఇక ఫాంట్ల జాబితాలో ఒడియా కూడా ఉంది, చూశారా. గుంటూరులో కూర్చున్నవాడికి అది అక్కర్లేనిదే కావచ్చు. అరకులో అలా కాదు. రైలు ఎక్కితే కోరాపుట్ చేరతాం, ఈ కొండల్లో ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లు ఎన్నో. సరిహద్దు అవతలి నుంచి ఒడియాలో ఉన్న కాగితం పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ప్రింట్ తీయమనే మనిషి మీ నెట్ సెంటర్‌కు రానే రాడని చెప్పలేం. ఫాంట్లు తీసేస్తే మిగిలే చోటు ఎంత? ఒక బ్రౌజర్ అప్‌డేట్ అంతకంటే ఎక్కువ లాగుతుంది. వాటి మీద పడకండి.

చోటూ డేటా నిజంగా తినేవి వేరే ఉన్నాయి. పరికరాలకు కావలసిన ఫర్మ్‌వేర్ అంతా ఒకే మూట కట్టిన ‘లినక్స్-ఫర్మ్‌వేర్’ ఉబుంటూ, మింట్‌లలో ఒక్కటే కొన్ని వందల ఎంబీ. మీ సిస్టమ్‌లో లేని వైఫై కార్డులకు, గ్రాఫిక్స్ కార్డులకు కావలసినదంతా అందులో ఉంటుంది. అది నాకు నచ్చదు, అయినా తీసేయమని చెప్పను. తీస్తే మీ వైఫై కూడా పోవచ్చు. డెబియన్ దాన్ని తయారీదారును బట్టి ముక్కలుగా విడగొట్టింది. చాలా చిన్న డిస్కు ఉన్నవాళ్లు డెబియన్ వైపు చూడటానికి ఇదొక్కటే చాలు. రెండోది ఫ్లాట్‌ప్యాక్, ఆప్ట్‌తో సంబంధం లేకుండా యాప్‌లు దించే పద్ధతి. దానిలో ఒక చిన్న కాలిక్యులేటర్ దించినా మొదటిసారి దాని వెంట రన్‌టైమ్ అని పెద్ద మూట దిగుతుంది. తర్వాత అదే రన్‌టైమ్ వాడే యాప్‌లకు ఆ ఖర్చు లేదు. కానీ రన్‌టైమ్‌ల వెర్షన్లు మారుతుంటాయి, పాతవి డిస్కులో మిగిలిపోతాయి. అప్పుడప్పుడు ‘ఫ్లాట్‌ప్యాక్ అన్ఇన్‌స్టాల్’ పక్కన రెండు గీతలతో ‘అన్‌యూజ్డ్’ అని కొట్టి చూడండి.

మూడోది స్నాప్, ఉబుంటూవాళ్ల సొంత ప్యాకేజీ పద్ధతి. దీని కథలో కొంత రాజకీయం ఉంది. 2019 అక్టోబరులో ఉబుంటూ 19.10తో క్రోమియం బ్రౌజర్ మామూలు ప్యాకేజీ పేరుకు మాత్రమే మిగిలింది. ఆప్ట్‌తో క్రోమియం అడిగితే లోపల ఖాళీ ప్యాకేజీ దిగి, అది స్నాప్ వ్యవస్థను తెచ్చి, స్నాప్ దుకాణం నుంచి క్రోమియంను దించేది. 2022 ఏప్రిల్ నాటి ఉబుంటూ 22.04లో ఫైర్‌ఫాక్స్ కూడా అదే దారి పట్టింది. తయారీదారుకు అందులో లాభం ఉంది. ఒకే మూట అన్ని వెర్షన్లకూ సరిపోతుంది, భద్రతా సవరణలు త్వరగా చేరతాయి. వాడేవాడికి మాత్రం ఒకటి అడిగితే వేరొకటి వచ్చింది. లినక్స్ మింట్ నాయకుడు క్లెమెంట్ లెఫెవ్ర్ దీన్ని బహిరంగంగా తప్పుపట్టి, 2020లో మింట్ 20 నుంచి స్నాప్ తనంతట తాను దిగకుండా ఆపేశాడు. ఆపిన తీరు మనమూ నేర్చుకోదగ్గది. ‘ఈటీసీ’లో ఆప్ట్ ప్రిఫరెన్సెస్ ఫోల్డర్‌లో ‘నోస్నాప్’ అనే చిన్న ఫైలు ఉంటుంది. స్నాప్‌డి అనే ప్యాకేజీకి ప్రాధాన్యం మైనస్ పది అని అందులో రాసి ఉంటుంది. సున్నా కంటే తక్కువ ప్రాధాన్యం ఉన్నది ఎవరు రమ్మన్నా రాదు. మీకు వద్దే వద్దనుకున్న ఏ ప్యాకేజీకైనా ఇలాంటి ఫైలే రాసుకోవచ్చు.

ఉబుంటూలోనే ఉండిపోయేవాళ్లకు ఇంకో మాట. స్నాప్ రోజుకు నాలుగుసార్లు కొత్తవి ఉన్నాయేమో చూసి, అడగకుండానే దించుకుంటుంది. నెట్‌వర్క్ సెట్టింగుల్లో మీ ఫోన్ హాట్‌స్పాట్‌ను ‘మీటర్డ్’ అని గుర్తు పెట్టి, ‘స్నాప్ సెట్ సిస్టమ్ రిఫ్రెష్.మీటర్డ్=హోల్డ్’ అని కొట్టండి. హాట్‌స్పాట్ మీద ఉన్నంతసేపు అది ఆగుతుంది. ఫైర్‌ఫాక్స్ మామూలు ప్యాకేజీయే కావాలంటే 2024 జనవరి నుంచి మొజిల్లా తన సొంత ఆప్ట్ భాండాగారం నడుపుతోంది.

‘ఇదంతా ఎంబీల కక్కుర్తి’ అని ఎవరైనా నవ్వితే 2024 మార్చి 29 గుర్తుచేయండి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, తన సిస్టమ్‌లోకి దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ కావడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ పోయాడు. ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే లైబ్రరీలో ఎవరో దొంగ తలుపు పెట్టారని తేలింది. విచిత్రమేమిటంటే ఆ లాగిన్‌ను నడిపే ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్‌కు ఆ లైబ్రరీతో పనే లేదు. సేవ మొదలైందని, సిస్టమ్‌లో సేవలన్నిటినీ నడిపే సిస్టమ్‌డీకి కబురు పంపే చిన్న సౌకర్యం కోసం డెబియన్, ఫెడోరా లాంటివి దానికి సిస్టమ్‌డీ లైబ్రరీని అతికించాయి. ఆ లైబ్రరీ తన వెంట ఎక్స్‌జెడ్‌ను తెచ్చింది. దొంగ తలుపు ఉన్న 5.6.0, 5.6.1 వెర్షన్లు డెబియన్, ఉబుంటూల స్థిరమైన విడుదలల్లోకి చేరకముందే పట్టుబడ్డాయి కాబట్టి మన సిస్టమ్‌లు బతికిపోయాయి. వెంట వచ్చే ప్రతిదీ ఇంకొకరు కాపలా కాయాల్సిన ఇంకో తలుపు. అలాగని అప్‌డేట్లే మానేస్తానంటే అది ఇంతకంటే పెద్ద ప్రమాదం. బ్రౌజర్‌నూ కెర్నల్‌నూ అప్‌డేట్ కాకుండా ‘హోల్డ్’లో పెట్టకండి.

   

ఇక లినక్స్ వెర్షన్ మొత్తం మార్చేటప్పుడు, అంటే మింట్ 21 నుంచి 22కి వెళ్లేటప్పుడు, ప్రింటర్ సంగతి ముందే చూసుకోండి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటి పాత ప్రింటర్లకు హెచ్‌ప్లిప్ అనే ప్యాకేజీతో పాటు ‘ప్లగిన్’ అనే విడి ముక్క కావాలి. అది ఆప్ట్ జాబితాలో కనిపించదు, నెట్ నుంచి విడిగా దించుకోవాలి. హెచ్‌ప్లిప్ ఏ వెర్షనో ప్లగిన్ కూడా సరిగ్గా అదే వెర్షన్ కావాలి. కాబట్టి హెచ్‌ప్లిప్ మారిన మర్నాడు ప్రింటర్ మొరాయిస్తే అది పాడైందనుకోకండి. మార్పిడికి ముందే కొత్త వెర్షన్‌కు సరిపోయే ప్లగిన్ దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

పెన్‌డ్రైవ్‌తో ఇంకా పెద్ద పనే అవుతుంది. రితేష్ రాజ్ సరాఫ్ అనే భారతీయ డెబియన్ డెవలపర్ రాసిన ‘ఆప్ట్-ఆఫ్‌లైన్’ నెట్ సరిగా లేనివాళ్ల కోసమే పుట్టింది. మీ సిస్టమ్‌లో ‘ఆప్ట్-ఆఫ్‌లైన్ సెట్’ అంటే ఏమేం కావాలో ఒక చిన్న ఫైలులో రాసిస్తుంది. దాన్ని ఎస్.కోటకో విశాఖకో పట్టుకెళ్లి, మంచి నెట్ ఉన్న ఇంకో సిస్టమ్‌లో ‘ఆప్ట్-ఆఫ్‌లైన్ గెట్’ అంటే అవన్నీ ఒక మూటగా దిగుతాయి. తిరిగొచ్చి ‘ఆప్ట్-ఆఫ్‌లైన్ ఇన్‌స్టాల్’ అంటే అవి ఆప్ట్ చేతికి అందుతాయి, ఆ తర్వాత మామూలుగా అప్‌గ్రేడ్ నడిపితే సరి. ఇందులో నాకు నచ్చే సంగతి, కావలసినవాటి జాబితా కొండ దిగే ముందే మీ చేతిలో ఉంటుంది, బస్సులో కూర్చుని చదువుకోవచ్చు.

ఆశ్రమ పాఠశాలలోనో కళాశాలలోనో పది సిస్టమ్‌లు చూసుకునేవాళ్లయితే ఒకదానిలో ‘ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ’ వేసి, మిగతా తొమ్మిదినీ దాని 3142 పోర్టుకు తిప్పండి. ఒకసారి దిగిన ప్యాకేజీ మళ్లీ బయటి నెట్ నుంచి దిగదు, గదిలో తీగల మీదే తిరుగుతుంది. తొమ్మిదింటిలోనూ ఒకే లినక్స్, ఒకే వెర్షన్ ఉంటేనే ఈ లాభం పూర్తిగా దక్కుతుంది. ఒకదానిలో మింట్, ఒకదానిలో ఉబుంటూ, ఇంకోదానిలో డెబియన్ ఉంటే ఎవరి సరుకు వారికి విడిగా దిగుతుంది. అందుకని ముందు అన్నింట్లో ఒకటే వేయండి, క్యాషర్ ఆ తర్వాత.